కవసెమి పక్కసందులో క్యూ

ఒసాకాలో ఆ బుధవారం పొద్దున చిజురు వేసుకున్న పథకంలో ఎక్కడా చిల్లు లేదు. ముందు స్టేషను ఎదుటి కాఫీకొట్టుకి వెళ్ళాలి. పొద్దుటిపూట వెళితే అక్కడ కాఫీ డబ్బులకే దళసరి రొట్టె ముక్క, ఉడకబెట్టిన గుడ్డు కూడా పెడతారు. తర్వాత నది ఒడ్డున ఆకలి పుట్టేంత నడక. సరిగ్గా పదకొండున్నరకి కవసెమి.

కవసెమి అన్న పేరు ఆమె పైకి అనలేదు. మనసులోనే అనుకుని మురిసిపోయింది. ఎనిమిదంటే ఎనిమిది కుర్చీలున్న భోజనశాల అది. రాత్రిపూట అక్కడ తినాలంటే మత్సుయెలో చిజురు ఇంటికి నెలకయ్యే కిరాణా డబ్బంతా ఒక్క పూటకి ధారపోయాలి. మధ్యాహ్నం మాత్రం అదే వంటాయన, అవే చేతులతో, అదే బజారు నుంచి తెచ్చిన చేపని అందులో అయిదో వంతుకి పెడతాడు. ఈ రహస్యం తెలిసినవాళ్ళు తక్కువ, తెలిసినా బయటపెట్టేవాళ్ళు ఇంకా తక్కువ. చిజురు మూడు నెలల కిందటే ఫోను చేసి మూడు కుర్చీలు సంపాదించింది. ఆ రోజు ఫోను పెట్టేశాక వంటింట్లో ఒంటరిగా రెండు చేతులూ పైకెత్తి ఒక్క గెంతు గెంతింది కూడా.

ఆ మూడు కుర్చీల్లో ఒకటి చిజురుది, ఒకటి ఆమె భర్త యసునోరిది, మూడోది ఆయన అక్క ఫుసాకోది. చిక్కంతా ఆ మూడో కుర్చీతోనే. ఏటా ఆకులు ఎర్రబడే కాలంలో ముగ్గురూ కలిసి ఏదో ఒక ఊరు వెళ్ళడం ఆనవాయితీ. ఏ ఊరు వెళ్ళాలో, ఏ రైలెక్కాలో, ఏ మ్యూజియం చూడాలో, ఏం తినాలో అన్నీ ఫుసాకోయే తేల్చేది. హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన మనిషి. ఆవిడ దృష్టిలో ప్రయాణం చూడటానికి, తినడం ఇంట్లో. అందుకని ఇరవై రెండేళ్ళుగా చిజురు ఏ ఊరు వెళ్ళినా ఏదో ఒక బెంచీ మీద కూర్చుని చల్లారిన అన్నం ముద్దలే తిన్నది. హిరోషిమాలో అవే, నాగసాకిలో అవే. సప్పోరోలో నెత్తిమీద మంచు పడుతుండగా కూడా అవే.

ఈ ఏడు ధైర్యం చేసి నోరు విప్పింది. "ఒక్కసారి తిండి సంగతి నాకు వదిలెయ్యండి వదినగారూ. తక్కువలోనే గొప్పగా తినిపిస్తాను" అంది.

ఫుసాకో కళ్ళద్దాల పైనుంచి చూసింది. "సరే, ఒక్కసారి. బాగుంటే ఇకమీదట కూడా నువ్వే చూసుకో. బాగులేకపోతే మళ్ళీ ఈ మాట ఎత్తకూడదు" అంది.

ఈ బుధవారం పొద్దుటిదాకా ఆ లెక్క ఎటూ తేలలేదు. ముందురోజు రాత్రి చిజురు వాళ్ళని పెద్ద దుకాణం నేలమాళిగలోకి తీసుకెళ్ళింది. మూసేవేళకి అక్కడ పొట్లాల మీద సగం ధర చీటీలు అంటిస్తారు. ఆ చీటీల మనిషి వెనకే నడిచి, పొద్దున కోసిన చేపా, వేయించిన పీతా, చెస్ట్‌నట్ల అన్నమూ ఏరుకుని గదికి తెచ్చి పరిచింది. ఫుసాకో అన్నీ శుభ్రంగా తిని, "తినొచ్చు" అంది. పొద్దున రొట్టె, గుడ్డు తిని మళ్ళీ "తినొచ్చు" అంది. ఆవిడ నోట అంతకంటే పెద్ద మాట చిజురు ఇంతవరకూ వినలేదు. ఇక మిగిలింది కవసెమి ఒక్కటే. ముందే చెబితే ఆవిడ ఆరాలు తీసి వంకలు పెడుతుందని, "ఒక గొప్ప చోటు" అని మాత్రం చెప్పి ఊరుకుంది.

ఫుసాకో నడక వేగం తెలిసి కూడా లెక్కలో వేసుకోకపోవడమే మొదటి తప్పు. ఆవిడ వెనక పరిగెత్తీ పరిగెత్తీ చాలా ముందుగానే కవసెమి ఉన్న వీధి చివరికి చేరిపోయారు. చెప్పిన వేళకంటే ముందు గుమ్మం ఎదుట నిలబడితే లోపల వంటాయన్ని తొందర పెట్టినట్టే. అదీ ఆలస్యంగా వెళ్ళినంత తప్పు. కాబట్టి ఎక్కడో ఒకచోట కాసేపు కనబడకుండా ఉండాలి.

"ఈ లోపల నేను స్టేషనుకి వెళ్ళి చేతులు కడుక్కొస్తాను. ఇక్కడే ఉండండి, కదలకండి" అని పిల్లలకి చెప్పినట్టు చెప్పి ఫుసాకో వెళ్ళిపోయింది.

మొగుడూ పెళ్ళాలు పక్కసందులోకి జరిగారు. ఇరుకు సందు. సైకిళ్ళు పోతున్నాయి. దారికి అడ్డం రాకూడదని చిజురు గోడవారగా, ఒక మూసిన చెక్క తలుపు పక్కన నిలబడింది. ఆమె వెనక యసునోరి. పొడుగు మనిషి, రాత్రి పరుపు సరిపడక నడుం పట్టేసింది. అలా ద్వారబంధానికి వీపు ఆనించి నిట్టూర్చాడు. ఆ వీపు కింద "ఈ రోజు సెలవు" అన్న చిన్న చెక్క పలక పూర్తిగా దాగిపోయిందని ఆయనకి తెలియదు.

ఇద్దరు అమ్మాయిలు సందులోకి వచ్చారు. వీళ్ళని చూశారు, తలుపు చూశారు. ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని యసునోరి వెనక వచ్చి నిలబడ్డారు. యసునోరి తల వంచాడు. వాళ్ళూ తల వంచారు. తర్వాత మెళ్ళో గుర్తింపు కార్డులు వేలాడుతున్న ఆఫీసు మనుషులు ముగ్గురు వచ్చి అమ్మాయిల వెనక చేరారు. వాళ్ళ వెనక చంటిపిల్లాడి బండితో ఒక తల్లి.

చిజురు వెనక్కి తిరిగి చూసి ఉలిక్కిపడింది.

"ఏవండీ, వీళ్ళంతా ఎందుకు నిలబడ్డారు?"

"మనం నిలబడ్డాం కదా."

"మనం ఊరికే నిలబడ్డాం!"

"ఆ సంగతి వాళ్ళకి తెలియదు కదా."

"అయితే చెప్పండి."

యసునోరి మత్సుయె నగరంలో మంచినీళ్ళ శాఖలో పని చేస్తాడు. ఎవరికీ దేనికీ కాదని చెప్పలేకపోవడం వల్ల ఆ ఊళ్ళో ఆయనకి చాలా మంచిపేరు. "చెబితే పాపం నొచ్చుకుంటారు. వట్టి గోడ ముందు నిలబడ్డామా అని సిగ్గుపడరూ? కాసేపాగి మెల్లిగా జారుకుందాం" అన్నాడు.

ఆ కాసేపట్లోనే కొటోయె అన్నావిడ వచ్చింది. అరవై దాటిన మనిషి, చిరుతపులి మచ్చల జాకెట్టు. ఆ పేట ఆవిడ సొంత పెరడు. ఒసాకా ఆడవాళ్ళకి ముక్కూ మొహం తెలియనివాళ్ళతో మాట కలపడానికి ఒక కారణమంటూ అక్కర్లేదు. ఆవిడ వరస చివరికి పోకుండా నేరుగా మొదటికే వచ్చి యసునోరి చేతిలో ఒక బిళ్ళ పెట్టింది.

"తీసుకో తమ్ముడూ, అల్లం బిళ్ళ. ఇదిగో, ఈ జాకెట్టు ఎంతకి కొన్నానో చెప్పు చూద్దాం? చెప్పలేవులే. సరే, ఇక్కడ అంత బాగుంటుందా ఏంటి?"

యసునోరి మనసు పదకొండున్నర భోజనం మీదుంది. అడిగింది దాని గురించే అనుకున్నాడు. "నేనెప్పుడూ తిన్లేదండీ. మా ఆవిడ మూణ్ణెల్ల కిందట పేరు చెప్పి ఉంచింది. దీనికోసమే మత్సుయె నుంచి వచ్చాం" అన్నాడు. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

కొటోయె రెండు చేతులూ బుగ్గలకి ఆనించుకుంది. "మూణ్ణెల్లా! నేను పుట్టింది ఈ పేటలో, పెరిగింది ఈ పేటలో, నాకు తెలీకుండా ఇక్కడ మూణ్ణెల్ల క్యూనా!" అంటూ వరస చివరికి పరిగెత్తింది. పోతూపోతూ ప్రతివాళ్ళ చేతిలో ఒక బిళ్ళా, చెవిలో ఆ వార్తా పెడుతూ పోయింది.

తర్వాత ఆ వార్తకి రెక్కలొచ్చాయి. మూణ్ణెల్ల ముందు పేరు చెప్పుకోవాలన్నది కాస్తా, ఆ కొట్టుని మూణ్ణెల్లకి ఒక్కసారే తెరుస్తారన్నదైంది. మత్సుయె నుంచి ఇద్దరు వచ్చారన్నది, మత్సుయె నుంచి బస్సు వేసుకుని వచ్చారన్నదైంది. ఆఫీసు మనుషులు ఫోన్లు చేసి తమ వాళ్ళని పిలిచారు. వరస సందు మలుపు తిరిగింది. చివరికి ఆ కబురు తిరిగి తిరిగి మొదటికే వచ్చింది. వెనక నిలబడ్డ అమ్మాయి చిజురు భుజం తట్టి, "విన్నారా అండీ? లోపల వండేది క్యోటోలో పెద్ద మఠంలో వండినాయనట!" అని రహస్యంగా చెప్పింది.

"అలాగా" అంది చిజురు నీరసంగా.

సరిగ్గా అప్పుడే ఫుసాకో తిరిగొచ్చింది. సందు మొదట్లోనే ఆగిపోయింది. మలుపు దాటి ఉన్న జనాన్ని ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసింది. అందరికంటే ముందు తన మరదలు. ఫుసాకో కనుబొమలు పైకి లేచాయి.

"ఇదంతా నువ్వు చూసుకున్న చోటికేనా చిజురూ?"

చిజురు నోరు తెరిచింది. ఇది కాదు వదినగారూ, పక్క వీధి అనాలి. కానీ ఆవిడ మొహంలో ఇరవై రెండేళ్ళలో ఎన్నడూ చూడనిది ఏదో మెరిసింది. గౌరవం కాకపోయినా దాని పొరుగింటిదే.

"మొదట మనమేనా?" అంది ఫుసాకో.

"మొదట మనమే" అంది చిజురు. ఆ మాట కూడా నిజమే. ఆ రోజు నిజాలే కొంప ముంచుతున్నాయి.

ఇంతలో పక్కనున్న చిన్న తలుపు తెరుచుకుని చెత్తసంచీతో ఒక ముసలాయన బయటికొచ్చాడు. ఆయన పేరు కుసుమోతో. ఆ మూసిన తలుపు వెనకున్న ఉడాన్ కొట్టు, అంటే చారులో లావు నూడుల్స్ వేసి పెట్టే కొట్టు, ఆయనదే. బుధవారం సెలవు. భార్య పేటలోని ఆడవాళ్ళతో వేడినీటి బుగ్గలకి వెళ్ళింది. ఈయన ఇంట్లో ఒక్కడూ తోచక, మర్నాటికి పనికొస్తుందని ఉడాన్ పిండిని అక్కడి పద్ధతిలో సంచీలో వేసి కాళ్ళతో తొక్కి పెట్టుకున్నాడు. చేతికి అలవాటైన పని కాబట్టి కుండెడు చారు కూడా కాచుకున్నాడు. నలభై ఏళ్ళలో కొట్టు తలుపు ముందు ఒకేసారి అయిదుగురు నిలబడటం ఎరగడు. ఆయన చేతిలోంచి చెత్తసంచీ జారి కింద పడింది.

మరో దేశంలో అయితే ఎందుకొచ్చారని అడిగేవాడేమో. కుసుమోతో మాత్రం నడుం సగానికి వంచి దణ్ణం పెట్టాడు. గుమ్మం ముందు జనం నిలబడి ఉన్నారంటే తప్పు ఎప్పుడూ కొట్టువాడిదే.

"క్షమించండి! క్షమించండి! ఇంతసేపు నిలబెట్టేశాను. ఇప్పుడే తెరుస్తాను!"

లోపలికి పరిగెత్తాడు. కంగారుగా తలుపు జరిగింది, కొట్టు తెరిచామనడానికి గుర్తుగా నీలం గుడ్డ వేలాడింది, యసునోరి వీపు వెనకున్న పలక మాయమైంది. వరసలో ఒక్కసారిగా హర్షధ్వానాలు. ఎవరో చప్పట్లు కొట్టారు. చంటిపిల్లాడు కేరింతలు కొట్టాడు.

"రండమ్మా, మొదటివారు మీరేగా, రండి!" అని కుసుమోతో చిజురుని లోపలికి పిలిచాడు.

చిజురు చేతి గడియారం చూసుకుంది. పదకొండున్నర అవుతోంది. కవసెమిలో ఎనిమిది కుర్చీలకీ ఒకేసారి వడ్డన మొదలుపెడతారు. మూడు ఖాళీగా ఉంటే మిగతా అయిదుగురు గిన్నెల ముందు చేతులు కట్టుకుని కూర్చోవాలి. కానీ తమకోసం ఇంత కంగారుగా తలుపు తెరిచిన ముసలాయన్ని వదిలి వెళ్ళడానికీ, వదినగారికి నిజం చెప్పడానికీ ఆమెకి మొహం చెల్లలేదు. భర్త చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది.

"మీరు పరిగెత్తండి. పక్క వీధే. మేం రాలేకపోతున్నామని, క్షమించమని చెప్పండి. డబ్బు మొత్తం ఇచ్చేస్తామనండి. తప్పకుండా చెప్పండి, తెలిసిందా? మెలికలు తిరగొద్దు."

"చెప్పేస్తాను" అని యసునోరి పరిగెత్తాడు. ఆయన వీపు మలుపులో కనుమరుగవుతుంటే చిజురుకి మూడు నెలల ఎదురుచూపు కూడా ఆయనతోపాటే పోతున్నట్టనిపించింది.

లోపల కౌంటరు ముందు పది కుర్చీలు. కుసుమోతో ఒక్కడే. పొయ్యి మీద నీళ్ళు తెర్లుతున్నాయి, పిండి పరిచి ఉంది, కత్తి కనబడటం లేదు. బయట జనం మెడలు సాచి లోపలికి చూస్తున్నారు. ముసలాయన అరలన్నీ తెరిచి మూస్తున్నాడు. "మా ఆవిడ ఉంటే... కప్పులెక్కడ పెడుతుందో కూడా నాకు తెలీదమ్మా" అన్నాడు ఏడవలేక నవ్వుతూ.

చిజురు సంచీ కింద పెట్టి చేతులు కడుక్కుంది. కౌంటరు వెనక్కి వెళ్ళి, రెండు కత్తులు వెతికి తీసి, పెద్దది ఆయనకిచ్చి, ఉల్లికాడలు అందుకుంది. ఎలాగూ కొంప మునిగింది, కనీసం ఉల్లికాడలైనా తరుగుదామనుకుంది.

ఆ సమయంలోనే బయటి నుంచి ఒక గొంతు వినిపించింది. ఆ గొంతుకి సందులోని కిటికీలన్నీ తెరుచుకున్నాయి.

"ఇద్దరిద్దరుగా! ఇద్దరిద్దరుగా నిలబడండి! ఆ గేటుకి అడ్డం రాకూడదు, అది ఎవరి ఇంటిదో! మీరు, నీలం చొక్కా, ఫోను లోపల పెట్టి ముందుకి చూడండి! బండితో ఉన్న అమ్మా, నువ్విలా ముందుకి రా. పసివాడికి ఎండ తగులుతోంది. ఎవరికైనా అభ్యంతరమా? లేదు కదా. మంచిది."

చిజురు కత్తి ఆపి బయటికి చూసింది. ఫుసాకో నడి సందులో నిలబడి ఉంది. వెన్ను నిటారుగా ఉంది, ఒక చెయ్యి గాల్లో ఉంది. అరవై మంది పెద్దమనుషులు బడిపిల్లల్లా జంటలు జంటలుగా సర్దుకుంటున్నారు. సందులో గుంపు సంగతేమిటో చూడటానికి వచ్చిన పోలీసు కూడా ఒక క్షణం ఆగి, తనకి తెలియకుండానే టోపీ సరిచేసుకున్నాడు.

"ఇక్కడేం జరుగుతోందమ్మా?"

"భోజనం. మీరు తిన్నారా?"

"ఇంకా లేదు..."

"అయితే ఆ చివర నిలబడండి."

పోలీసు వెళ్ళి నిలబడ్డాడు.

ఇక ఒక గంటసేపు ఎవరూ గడియారం చూసుకోలేదు. కుసుమోతో కోస్తున్నాడు, ఉడికిస్తున్నాడు, చల్లనీళ్ళలో జాడిస్తున్నాడు. చిజురు గిన్నెల్లో వేస్తోంది, చారు పోస్తోంది, సోయాపాల జున్నులాంటి తియ్యటి టోఫు ముక్క పెట్టి ఉల్లికాడలు చల్లుతోంది. ఫుసాకో ఒక్కో చేతిలో రెండేసి గిన్నెలతో దూసుకొచ్చి, "తినేసినవాళ్ళు లేవండి! కబుర్లు బయట!" అంటూ కుర్చీలు ఖాళీ చేయిస్తోంది. ఆవిడ బుగ్గలు ఎర్రగా కందాయి. జుట్టు ముడి వదులైంది. ఆ సంగతి ఆవిడకి తెలిసినట్టు లేదు.

"టోఫు అయిపోయింది!" అని కుసుమోతో గావుకేక పెట్టాడు.

"ఆ మాత్రం దానికి ఏడుస్తావేం, కుసుమోతో తాతా?" అంటూ కొటోయె తలుపులోంచి తల పెట్టింది. "ఈ పేటలో టోఫు కొట్టు మా మరిదిదే!" అని మాయమై, నిమిషాల మీద వేడివేడి టోఫు పళ్ళెంతో ప్రత్యక్షమైంది. తను కూడా ఒక గిన్నె అందుకుని, గోడ మీద ధరల పలక చూసి కెవ్వున అరిచింది. "ఇంతేనా? ఇంతేనర్రా! మూణ్ణెల్ల క్యూకి ఇంతేనా!" ఆవిడ ఉత్సాహానికి హద్దు లేదు. ఒసాకాలో మంచి తిండి కంటే మంచి వార్త ఒక్కటే ఉంటుంది, ఆ తిండి చవగ్గా దొరికిందన్నది. సందంతా చెప్పి వచ్చింది. ఆ దెబ్బకి వరస ఇంకో మలుపు తిరిగింది.

"తాతా, మీరు మఠంలో వండేవారట కదా?" అని ఒక అమ్మాయి భక్తిగా అడిగింది.

"నేనా? మఠంలోనా? వానపడితే అరుగు మీద నిలబడ్డానేమో ఎప్పుడైనా" అన్నాడు కుసుమోతో బిత్తరపోయి. వినయం ఎలా ఉందో చూడండని ఆ అమ్మాయి పక్కవాళ్ళతో అంది.

చివరికి పిండి అయిపోయింది. ఫుసాకో బయటికెళ్ళి, మిగిలినవాళ్ళకి రేపు రమ్మని చెప్పి, వంగి క్షమాపణ అడిగి మరీ పంపించింది. వాళ్ళు కూడా వంగి దణ్ణాలు పెట్టి, ఒక్కరైనా విసుక్కోకుండా, రేపు ఎన్నింటికి రావాలో కనుక్కుని వెళ్ళారు. కుసుమోతో బల్ల మీద తల పెట్టుకుని కొంతసేపు అలాగే ఉండిపోయాడు. తర్వాత లేచి కుండ అడుగున చూశాడు.

"ఒక్క గిన్నెకి వస్తుంది. మొదట వచ్చింది మీరు, చివరికి మీరే తినలేదు" అని కళ్ళు తుడుచుకుంటూ ఆ గిన్నె తెచ్చి అత్తారింటి చుట్టాల ముందు పెట్టినట్టు వాళ్ళ ముందు పెట్టాడు. తను లోపలికి వెళ్ళిపోయి భార్యకి ఫోను చేసి ఏదేదో అరవడం మొదలెట్టాడు.

వదినా మరదళ్ళు ఖాళీ కొట్టులో పక్కపక్కన కూర్చున్నారు. ఫుసాకో చాప్‌స్టిక్స్‌తో టోఫు ముక్కని మధ్యకి చీల్చింది. ఒక పక్క కాస్త పెద్దదిగా వచ్చింది. ఆ పెద్దది చిజురు వైపుకి తోసి, గిన్నె ఇద్దరి మధ్యకీ జరిపింది. చారులోంచి సముద్రపు నాచు వాసన, ఎండుచేప వాసన ఆవిరితో పైకి వచ్చాయి. నూడుల్స్ మెత్తగా జారిపోతున్నాయి, పంటికింద మాత్రం సాగుతున్నాయి. రెండు చేతుల్లో గిన్నె పట్టుకుని ఫుసాకో చారు అడుగుదాకా తాగేసింది.

"ఇంకొకటి లేదు కదూ?" అంది ఖాళీ గిన్నెలోకి చూస్తూ.

ఇక దాచి లాభం లేదనిపించింది చిజురుకి. కుర్చీలోంచి లేచి, తల వంచి నిలబడింది.

"వదినగారూ, క్షమించాలి. నేను మిమ్మల్ని తీసుకురావాలనుకున్నది ఇక్కడికి కాదు. పక్కవీధిలో కవసెమి అని..."

"తెలుసు."

"అయ్యో... తెలుసా?"

"నిన్న రాత్రి నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు నీకు ఫోనొచ్చింది. కవసెమి నుంచట. రేపు ముగ్గురూ తప్పకుండా వస్తున్నారు కదా అని అడిగారు. వస్తున్నామన్నాను. ఈ గుమ్మం మీద ఆ పేరెక్కడా లేదుగా."

చిజురు మళ్ళీ కూర్చుండిపోయింది. "మరి తెలిసీ ఎందుకు చెప్పలేదు? ఎందుకు లోపలికొచ్చారు?"

ఫుసాకో జుట్టు ముడి సర్దుకోబోయి, మళ్ళీ అలాగే వదిలేసింది. "నువ్వెలా బయటపడతావో చూద్దామని మొదట ఆగాను. ఆ తర్వాత ఆ క్యూ చూశాను. ఎంత అడ్డదిడ్డంగా ఉందో చూశావుగా? నా వల్ల కాలేదు. రిటైరయ్యాక నా మాట విని ఎవరూ కదల్లేదు చిజురూ. ఏడాదికోసారి మీరిద్దరే కదిలేవారు. ఈ ఏడు అదీ నువ్వు పుచ్చుకున్నావు."

చల్లారిన ఆ అన్నం ముద్దల వెనక ఇంత కథ ఉందని చిజురు కలలో కూడా అనుకోలేదు.

"కవసెమికి వెళ్ళుంటే అక్కడ చేతులు ఒళ్ళో పెట్టుకుని, వాళ్ళు పెట్టిందల్లా తిని తలూపాలి. అది నావల్ల అయ్యే పని కాదు" అంది ఫుసాకో. "కాబట్టి ఇలా చేద్దాం. వచ్చే ఏటి నుంచి దారి నాది, తిండి నీది. నువ్వు ఎక్కడ తినాలో చెప్పు, ఎలా నిలబడాలో నేను చెబుతాను. బాగుందా?"

"బాగుంది వదినగారూ, చాలా బాగుంది" అంటూ చిజురు ఆవిడ రెండు చేతులూ పట్టేసుకుంది. మత్సుయెలో అయితే ఇద్దరూ అలా చేసి ఉండేవారు కాదు. ఫుసాకో చేతులు వెనక్కి తీసుకోలేదు. "వచ్చే ఏడు ఫుకువోకా వెళదాం. అక్కడ రాత్రిళ్ళు నది పక్కన బళ్ళ మీద భలే పెడతారని నువ్వే అన్నావు కదూ ఎప్పుడో?" అంది. అన్నది ఆరేళ్ళ కిందట. అప్పుడు వినిపించుకున్నట్టే లేదు.

అప్పుడు గుర్తొచ్చింది చిజురుకి. "మీ తమ్ముడేరీ?"

తలుపు మెల్లిగా జరిగింది. యసునోరి ద్వారబంధం పట్టుకుని నిలబడి ఉన్నాడు. మొహం పాలిపోయి ఉంది. బెల్టు విప్పి చేతిలో పట్టుకున్నాడు. ఒక్కో అడుగే వేసుకుంటూ వచ్చి, కుర్చీలో కూర్చోబోయి, కూర్చోలేక మళ్ళీ గోడకి ఆనుకున్నాడు.

"ఇంతసేపు ఏమైపోయారు? రాలేమని చెప్పారా?" అంది చిజురు.

"చెబుదామనే వెళ్ళాను. తలుపు తియ్యగానే లోపలున్న అందరూ లేచి నిలబడి దణ్ణం పెట్టారు. వంటాయన, 'మీకోసమే ఎదురుచూస్తున్నాం' అన్నాడు. ఇక రాలేమని ఎలా చెప్పను? మిగతా ఇద్దరూ వస్తున్నారన్నాను."

"ఆ తర్వాత?"

"వస్తున్నారన్నాక మూడు కుర్చీల ముందూ వడ్డించాడు. పాపం అంత కష్టపడి వండింది వదిలెయ్యకూడదు కదా. నాది తినేసి, నీ కుర్చీలోకి జరిగి నీది తిన్నాను. తర్వాత అక్క కుర్చీలోకి జరిగి అక్కది తిన్నాను. మళ్ళీ కొత్త గిన్నెలు వచ్చేసరికి నా కుర్చీలోకి వచ్చాను. తొమ్మిది రకాలు."

"అలా జరగడం ఎందుకురా? గిన్నెలే నీ ముందుకి లాక్కోవచ్చుగా?" అంది ఫుసాకో.

"ఇంకొకళ్ళ ముందు పెట్టింది లాక్కోవడం బాగుండదు కదక్కా" అన్నాడు యసునోరి.

సందులో నుంచి సైకిల్ గంట వినిపించింది. లోపల కుసుమోతో ఇంకా భార్యతో ఫోనులో అరుస్తూనే ఉన్నాడు. చిజురు ఖాళీ ఉడాన్ గిన్నె వంక చూసింది, భర్త పొట్ట వంక చూసింది, మూడు నెలల ఎదురుచూపు అందులో భద్రంగా ఉందని గ్రహించింది.

"పోనీ, ఎలా ఉందో అదైనా చెప్పండి" అంది.

యసునోరి కళ్ళు మూసుకుని, నిజాయితీగా చాలాసేపు ఆలోచించాడు.

"మొదటి కుర్చీలో చాలా బాగుంది."